ముందు ఆకలి వెయ్యనివ్వు, తర్వాత వంటల సంగతి చూద్దాం

అమ్మా, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. పాపకి రెండున్నరేళ్లు, బరువు 11 కిలోలు. బాబుకి ఐదేళ్లు. భార్యాభర్తలిద్దరూ పొద్దున ఏడున్నరకల్లా ఇల్లు వదలాలి, పిల్లల్ని మీ అమ్మగారు చూసుకుంటారు. పాప 'ఏమీ తినదు' కాబట్టి పాలల్లో కలిపే పొడి డబ్బాలు, బిస్కెట్లు, చిప్స్, జ్యూస్ ప్యాకెట్లకి నెలకి 2,200 దాకా అవుతోంది. తక్కువ ఖర్చులో, త్వరగా అయ్యేవి, పిల్లలు తినేవి చెప్పమన్నావు. నేను 26 ఏళ్లు పల్నాడులో అంగన్‌వాడీ టీచర్‌గా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు ఉప్పల్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. వయసులో పెద్దదాన్ని కాబట్టి నువ్వు అంటున్నాను, ఏమనుకోకు.

వంటలు చెబుతాను కానీ ముందు నువ్వు రాసిన లెక్కే ఒకసారి చూద్దాం. లేవగానే గ్లాసుడు పాలు. పదింటికి నాలుగు బిస్కెట్లు. పదకొండున్నరకి మళ్లీ పాలు. మధ్యాహ్నం అన్నం రెండు ముద్దలు. నాలుగింటికి టీలో ముంచిన రస్కు. రాత్రి రెండు ముద్దలు తిని, పడుకునేముందు ఇంకో గ్లాసు పాలు. ఇదంతా తిన్న పిల్లని ఏమీ తినదంటే ఎలా? రెండున్నరేళ్ల పిల్ల పొట్ట ఎంతుంటుందని! మూడు గ్లాసులంటే 600 మిల్లీలీటర్లు దాటుతుంది. ఆ పొట్టలో ఇక పప్పన్నానికి చోటెక్కడిది?

పాలు మంచివే, కాదనను. కానీ పాలల్లో ఇనుము దాదాపు ఉండదు. రోజుకి అర లీటరు దాటితే అన్నం మీదికి మనసు పోదు, మెల్లిగా రక్తం తగ్గుతుంది. ఆ మీదట రక్తం తక్కువైన పిల్లకి ఆకలీ తగ్గుతుంది, దాంతో ఇంకో గ్లాసు పాలు పడతాం. టీ అయితే తిండిలోని ఇనుముని ఒంటికి పట్టనివ్వదు, అది పూర్తిగా మానిపించు. పాలు రోజు మొత్తానికి రెండు చిన్న గ్లాసులు, 400 మిల్లీలీటర్లు చాలు. అవి కూడా భోజనానికి ముందు కాదు.

ఇంకో మాట. 'పోయినేడు చక్కగా తినేది, ఇప్పుడే ఇలా తయారైంది' అని రాశావు. ఈ మాట నాతో అనని తల్లి లేదు. పుట్టినప్పుడు మూడు కిలోలున్న బిడ్డ ఏడాదికల్లా తొమ్మిది కిలోలవుతుంది. రెండో ఏడు మొత్తం మీద పెరిగేది రెండు, రెండున్నర కిలోలే. పెరుగుదల నెమ్మదించినప్పుడు ఆకలీ నెమ్మదిస్తుంది. అది జబ్బు కాదు. ఈ వయసు ఆడపిల్ల సగటు బరువు పన్నెండున్నర కిలోలకి కాస్త పైన. మీ పాప 11 అంటే తక్కువ వైపున్న మాట నిజమే కానీ కంగారు పడేంత కాదు. పది కిలోలకి దిగితే అప్పుడు ఆలోచించాలి.

కాబట్టి ఓ వారం రోజులు ఇది చెయ్యి. భోజనానికీ భోజనానికీ మధ్య రెండున్నర, మూడు గంటలు మంచినీళ్లు తప్ప ఏదీ ఇవ్వొద్దు. మొదటి మూడు రోజులు ఏడుస్తుంది, మీ అమ్మగారు నీమీద విసుక్కుంటారు. మా సెంటర్‌లో ఒక పాప ఉండేది, ఏ నెల తూచినా సూది కదిలేది కాదు. వాళ్ల నాయనమ్మని కూర్చోబెట్టి అడిగితే తెలిసింది, రోజుకి నాలుగుసార్లు టీ, ప్రతిసారీ బిస్కెట్. ఆవిడ ప్రేమకొద్దీ ఇస్తోంది. నేను టీ మానెయ్యమని చెప్పలేదు. 'పిన్నిగారూ, ఆ చేత్తోనే నాలుగింటికి ఒక ఉండ పెట్టండి' అని పిండి డబ్బా ఇచ్చాను. పెద్దవాళ్ల చేతిలోది లాక్కుంటే ఊరుకోరు, బదులు ఇంకోటి పెడితే పేచీ ఉండదు. మీ అమ్మగారితో కూడా అలాగే నెగ్గుకు రా.

ఆ పిండి డబ్బా సంగతే వివరంగా చెబుతాను, మిగతావన్నీ దాని తర్వాతే. మన తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు బక్కచిక్కిన పిల్లల కోసం చాలా ఏళ్ల కిందట ఒక మిశ్రమం తయారుచేశారు. దాని పేరే హైదరాబాద్ మిక్స్. ట్రైనింగ్‌లో మాకు బట్టీ పట్టించారు: వేయించిన గోధుమలు 40 గ్రాములు, శెనగపప్పు 16, వేరుశెనగ గింజలు 10, బెల్లం 20. మొత్తం 86 గ్రాములకి 330 కేలరీలు, 11 గ్రాముల పైచిలుకు ప్రోటీన్. గోధుమలో తక్కువైన ప్రోటీన్ భాగాన్ని పప్పు పూడుస్తుంది, చిన్న పొట్టకి కావాల్సిన బలం పల్లీల నూనె ఇస్తుంది. కొత్త పదార్థం ఒక్కటీ లేదు, చూశావా. మన అమ్మమ్మలు ఉగ్గు కోసం బియ్యం, పప్పులు వేయించి విసిరిన పద్ధతే, తూకాలు వేసి పెట్టారంతే.

నేను చేసేది ఇలా. గోధుమలు 400 గ్రాములు కడిగి ఆరబెట్టి, సన్న సెగ మీద కమ్మటి వాసన వచ్చి చిటపటలాడేదాకా వేయిస్తాను. శెనగపప్పు బదులు పుట్నాల పప్పు 160 గ్రాములు వేస్తాను, అది ముందే వేగి ఉంటుంది కాబట్టి గ్యాసూ టైమూ కలిసొస్తాయి. పల్లీలు 100 గ్రాములు వేయించి పొట్టు తీస్తాను. ముడుచుకుపోయినవి, నల్లబడ్డవి, బూజు వాసన వచ్చేవి ఒక్కటి కూడా కలవనివ్వకు, పల్లీల బూజు విషం, వేయించినా పోదు. గోధుమ, పుట్నాలు కలిపి మెత్తగా పట్టి జల్లించాలి. పల్లీలు విడిగా, మిక్సీ ఆపి ఆపి తిప్పాలి, లేకపోతే నూనె దిగి ముద్దయిపోతుంది. గిర్నీకి పంపేటట్టయితే నీకంటే ముందు ఎవరు ఏం పట్టించారో అడుగు. నేనొకసారి అడక్కుండా ఇచ్చాను, నా ముందు మిరపకాయలు పట్టినట్టున్నారు, ఆ పిండి ఒక్క పిల్ల ముట్టలేదు.

బెల్లం మాత్రం నేను సగమే వేస్తాను. ఆ 20 గ్రాముల కొలత బరువు పడిపోయిన పిల్లలకి. మామూలు పిల్లలకి అంత తీపి అలవాటు చేయడం నాకిష్టం లేదు, బెల్లం కూడా చక్కెర జాతిదే. పైగా పిండిలో కలిపెయ్యకుండా విడిగా పెట్టుకుంటే అదే పిండితో ఉప్పు వంటలు కూడా చేసుకోవచ్చు. మా వీధి కొట్లో ధరలకి గోధుమలు 16 రూపాయలు, పుట్నాలు 19, పల్లీలు 15, బెల్లం 6, మొత్తం 56 రూపాయలు. ట్రైనింగ్‌లో చెప్పిన కొలత ప్రకారం పది సార్లకి వస్తుంది, పాపకైతే ఇంకా ఎక్కువే. ఒక బిస్కెట్ ప్యాకెట్ పది రూపాయలు. తడి తగలని డబ్బాలో పదిహేను రోజులకి సరిపడా చేసుకో, అంతకన్నా ఎక్కువైతే పల్లీల నూనె ముక్కిపోతుంది.

వాడేది ఎలాగంటే: మూడు చెంచాలు నీళ్లలో ఉండలు లేకుండా కలిపి ఐదు నిమిషాలు ఉడికిస్తే జావ, దించాక ఒక చుక్క నెయ్యి, కాసిని పాలు. తొందర రోజు పండిన చక్కెరకేళీ పిసికి అందులో రెండు చెంచాలు కలిపితే పొయ్యి కూడా అక్కర్లేదు, బెల్లమూ అక్కర్లేదు. వేడి నెయ్యి, బెల్లం తురుము, చెంచాడు పాలు వేసి చుడితే ఉండ. దోసెల పిండిలో పావు వంతు ఇది కలిపితే అట్టు ఎర్రగా, కమ్మగా వస్తుంది. గోధుమ, పల్లీ పడని పిల్లలు అరుదుగా ఉంటారు, కాబట్టి మొదటి రెండు రోజులు కొంచెంగా పెట్టి చూడు.

నువ్వు కొంటున్న పొడి డబ్బా గురించి తిట్టడానికి కాదు కానీ, వెనక లేబుల్ మీద 100 గ్రాములకి చక్కెర ఎంతుందో ఒక్కసారి చదువు. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ సైట్లకి ఇలాంటి పానీయాల్ని 'హెల్త్ డ్రింక్స్' కింద పెట్టొద్దని చెప్పింది, ఎందుకంటే మన ఆహార చట్టంలో హెల్త్ డ్రింక్ అనేదే లేదు.

రాగుల మాట. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంటుంది, బియ్యంలో పదో పరకో. అందరికీ తెలిసిందే. తెలియనిది ఏమిటంటే, చాలా ఇళ్లలో రాగి జావ అని పెట్టేది రంగు నీళ్లు. చిక్కగా కాస్తే పిల్ల మింగదు, పలచగా కాస్తే పొట్ట నీళ్లతో నిండుతుంది. దీనికి మందు మొలకల్లో ఉంది. రాగులు ఒక రాత్రి నానబెట్టి, గుడ్డలో మూటకట్టి రోజు, రోజున్నర ఉంచితే తెల్లటి మొలక వస్తుంది. నీడలో ఆరబెట్టి, చాలా సన్నగా వేయించి, మొలకలు నలిపి రాల్చి పట్టించు. మొలకలో పుట్టే ఒక రసాయనం గంజిని చిన్న ముక్కలుగా విరగ్గొడుతుంది, అందుకే రెండింతలు పిండి వేసినా జావ జారుగానే ఉంటుంది. ఎర్రగా వేయిస్తే ఆ గుణం చచ్చిపోతుంది, అందుకే సన్నగా అన్నాను. మొత్తం మొలకపిండే వాడాలని కూడా లేదు. మామూలు జావ చిక్కగా కాచి, దించి కాస్త వేడి తగ్గాక ఒక చెంచా మొలకపిండి వేసి కలుపు, చూస్తుండగా పలచబడుతుంది. మళ్లీ ఒక పొంగు రానిచ్చి దించు. మా తల్లుల మీటింగుల్లో ఇది చేసి చూపిస్తే గారడీ చూసినట్టు చూసేవాళ్లు.

మధ్యాహ్నం అన్నం దగ్గర అందరూ చేసే తప్పు, పప్పు మీది తేట, చారు, రసం కలిపి పెట్టడం. పప్పు కట్టులో పప్పు ఎంతుంటుంది? అడుగున ఉన్న ముద్దపప్పు తీసి పెట్టు. మూడు వంతుల అన్నానికి ఒక వంతు గట్టి పప్పు, చెంచాడు నెయ్యి లేదా నూనె. పిల్లలకి నెయ్యి తగ్గించే ఫ్యాషన్ ఒకటి బయల్దేరింది, ఐదేళ్ల లోపు పిల్లలకి అది పనికిరాదు. వారంలో నాలుగు రోజులు పప్పులో ఏదో ఒక ఆకు పడాలి: తోటకూర, పాలకూర, మునగాకు, మెంతికూర. పది రూపాయల కట్ట మీ నలుగురికీ సరిపోతుంది. దించాక నిమ్మరసం నాలుగు చుక్కలు పిండితే ఆకులోని ఇనుము బాగా పడుతుంది. ఆకు ఏరి పారేసే పిల్లకి పప్పుతో పాటే కుక్కర్లో వేసి మెత్తగా ఎనిపేయాలి. కారం పెద్దవాళ్లకి విడిగా తాలింపులో వేసుకుంటే ఒకే వంట అందరికీ అయిపోతుంది. పిల్లకి వేరే వంట మొదలుపెట్టావంటే మాత్రం నీ పని అయిపోయినట్టే.

గుడ్డు గురించి ఎక్కువ చెప్పను. ఒక్క గుడ్డులో ఆరు గ్రాముల మంచి ప్రోటీన్ ఉంటుంది. రోజూ ఒకటి. ఉడికించింది వద్దంటే అట్టు మీద కొట్టి పొయ్యి, లేదా వేడి అన్నంలో చిదిమి నెయ్యి, ఉప్పు, మిరియాల పొడి వెయ్యి. 'వేడి చేస్తుంది' అని మీ అమ్మగారు వేసవిలో ఆపేస్తారేమో, అలాంటిదేమీ లేదు.

నాలుగింటి చిరుతిండికి నువ్వు చిప్స్ కొంటున్నావు. దాని బదులు వంతులవారీగా ఇవి పెట్టుకో. మరమరాలు గిన్నెడు, చెంచాడు నూనెలో పసుపు, కరివేపాకు వేసి తిప్పి, పుట్నాల పొడి చల్లితే రెండు నిమిషాల పని. రాయలసీమ వాళ్లు దీన్నే బొరుగులతో ఉల్లిపాయ, టమాటా కలిపి ఉగ్గాణి చేసి టిఫిన్ కింద తింటారు, అది రాత్రికి కూడా బాగుంటుంది. అటుకులు కడిగి పెరుగులో నానబెట్టి, బెల్లమో ఉప్పో. చలికాలంలో చిలగడదుంపలు ఉడికించి పెడితే తీపికి తీపి, లోపల నారింజ రంగులో ఉండే రకమైతే విటమిన్ ఎ కూడా వస్తుంది. జామకాయ, బొప్పాయి, అరటి, ఏది చవగ్గా ఉంటే అది. యాపిల్‌కి మనం ఇచ్చే గౌరవం నాకు ఇప్పటికీ అర్థం కాదు, జామకాయలో సి విటమిన్ దానికి ఎన్నో రెట్లు. జ్యూస్ ప్యాకెట్ మాత్రం పండు కాదు, తీపి నీళ్లు.

ఇక్కడ ఒక హెచ్చరిక. పల్లీలు, పుట్నాలు, శెనగ గుగ్గిళ్లు, పాప్‌కార్న్, గుండ్రటి ద్రాక్ష ఇవి నాలుగైదేళ్లు వచ్చేదాకా గింజలుగా పెట్టొద్దు. పొడి చెయ్యి, చిదుము, ద్రాక్షని నిలువునా నాలుగు ముక్కలు చెయ్యి. మా మనవడికి రెండేళ్లప్పుడు ఆడుకుంటూ పుట్నాలు నమిలి పొలమారింది, దగ్గు కూడా ఆగిపోయి ముఖం నల్లబడింది. ఒళ్లో బోర్లా వంచి రెండు రెక్కల మధ్య గట్టిగా చరిస్తే బయటపడింది. ఇన్నేళ్లు వందమందికి పాఠం చెప్పినదాన్ని, ఆ డబ్బా అందే ఎత్తులో పెట్టింది నేనే. పరిగెడుతూ, పడుకుని తిననివ్వకండి.

తినిపించే తీరు గురించి నువ్వు అడగలేదు, అయినా చెబుతాను. ఫోన్ చూపించి పెడితే నోరు తెరుస్తుంది, నిజమే, కానీ ఏం తింటోందో, కడుపు నిండిందో తనకే తెలియదు. కొత్త కూర మొదటిసారి ఉమ్మేస్తే 'ఇది దానికి పడదు' అని తీర్పు ఇచ్చేస్తాం. పది పన్నెండుసార్లు చూశాక గానీ కొన్ని రుచులు నోటికి అలవాటు కావు. బెండకాయ మా అమ్మాయికి ఏడాది పట్టింది. ప్లేట్లో నాలుగు ముద్దలు పెట్టి తననే తిననివ్వు, సగం నేల మీద పడుతుంది, కింద పాత చీర పరిచెయ్యి. అరగంటలో ప్లేటు తీసెయ్యి. తినలేదని పాల గ్లాసు అందించావో, మళ్లీ మొదటికొస్తాం.

మీ కాలనీ దగ్గర్లో అంగన్‌వాడీ ఉంటుంది, పేరు రాయించు. ఆరేళ్ల లోపు పిల్లలందరికీ హక్కు అది, పేదవాళ్లకే అనుకుని చాలామంది వెళ్లరు. తెలంగాణలో ఏడు నెలల నుంచి మూడేళ్ల దాకా బాలామృతం ఇస్తారు, నెలకి రెండున్నర కిలోల ప్యాకెట్. గోధుమలు, శెనగపప్పు, పాలపొడి, నూనె, చక్కెర ఉంటాయి. తీపి ఎక్కువనిపిస్తే ఉడికించిన రాగి జావలో సగం సగం కలుపు. అక్కడే నెలనెలా తూకం వేయించు. చేతి జబ్బ చుట్టుకొలత టేపు కూడా ఉంటుంది: పన్నెండున్నర సెంటీమీటర్ల పైన ఉంటే ఫర్వాలేదు, పదకొండున్నర లోపు వస్తే ఆరోజే డాక్టర్ దగ్గరికి. ఫిబ్రవరి, ఆగస్టుల్లో ఇచ్చే నులిపురుగుల మాత్ర తప్పించకు. పాప మట్టి, సున్నం, బలపం తింటున్నా, కనురెప్పల లోపల తెల్లగా పాలిపోయినా, వరసగా రెండు నెలలు బరువు తగ్గినా ఈ వంటలతో ఆగకుండా చూపించండి.

బాబు స్కూలు డబ్బాలోకి రోజూ బ్రెడ్ జామ్ అన్నావు. వారంలో ఒకటి రెండు రోజులు సర్వపిండి చేసి పంపు. మా వైపు ఇది లేదు, ఉప్పల్ వచ్చాక పక్కింటి వదిన దగ్గర నేర్చుకున్నాను. బియ్యప్పిండి రెండు కప్పులు, నానబెట్టిన శెనగపప్పు గుప్పెడు, పల్లీలు కచ్చాపచ్చాగా దంచి గుప్పెడు, చెంచాడు నువ్వులు, కరివేపాకు, ఉల్లికాడలు, ఉప్పు, చిటికెడు కారం. నీళ్లతో గట్టిగా కలిపి, మందపాటి గిన్నెకి లోపల నూనె రాసి, చేత్తో పలచగా అద్ది, వేళ్లతో నాలుగు చిల్లులు పెట్టి వాటిలో నూనె చుక్కలు వేసి మూత పెట్టాలి. సన్న సెగ మీద పావుగంట, కదిలించే పని లేదు, ఈలోపు నువ్వు తలదువ్వుకోవచ్చు. పిండి రాత్రే కలిపిపెట్టకు, పులుస్తుంది. పొడివన్నీ రాత్రి కలిపి పెట్టుకుని పొద్దున నీళ్లు పోసుకో. డబ్బాలో సర్దేముందు పూర్తిగా చల్లారనివ్వు, వేడి మీద మూత పెడితే ఆవిరికి మెత్తబడి పిల్లాడు ముట్టకుండా వెనక్కి తెస్తాడు.